కత్తికి ముందు ఒక రోజు



గొర్రె కసాయివాణ్ణే నమ్ముతుందని మనకొక సామెత ఉంది. ఎవరైనా మోసపోయి వస్తే, జాలి సగం, ఎగతాళి సగం కలిపి అనే మాట అది. నేను పశువైద్యుడిగా ముప్ఫై ఏళ్ల పైచిలుకు పనిచేశాను. అందులో ఏడేళ్లు ఒక పట్టణంలో కబేళా డ్యూటీ. అందుకేనేమో, ఈ సామెత విన్నప్పుడల్లా నాకు ఎక్కడో ముల్లు గుచ్చుకుంటుంది.

గొర్రెకు తెలివి లేదు కాబట్టి నమ్ముతుందని మన లెక్క. ఇంగ్లండులో కేంబ్రిడ్జి దగ్గర బాబ్రహాం అనే చోట ఒక పరిశోధన సంస్థ ఉంది. అక్కడి శాస్త్రవేత్తలు గొర్రెలకు తోటి గొర్రెల ముఖాల ఫొటోలు చూపించి పరీక్షించారు. 2001లో ఫలితాలు ప్రకటించారు. గొర్రెలు 50 ముఖాల దాకా విడివిడిగా గుర్తుపట్టాయి. రెండేళ్లు గడిచినా మరిచిపోలేదు. తమను సాకిన మనుషుల ముఖాలూ వాటికి తెలుసు. కాపరులకు ఈ సంగతి కొత్త కాదనుకోండి. మేత వేసే చెయ్యి ఏదో, కట్టె విసిరే చెయ్యి ఏదో మందలో ప్రతి జీవానికీ ఎరుకే. ముందున్నది నడిస్తే వెనకది నడుస్తుంది. అది వెర్రితనం కాదు, మందగా బతికే ప్రాణి బతుకు తీరు. ఆ నమ్మకాన్ని దొడ్డి దగ్గరి నుంచి కత్తి దాకా మనం ఏం చేస్తున్నాం? ఇవాళ నేను మాట్లాడదలచుకున్నది దాని గురించే.

ముందే ఒక సంగతి చెప్పాలి. నేను మాంసం తింటాను. మా ఇంట్లో పండగకు వేట తెగేది, ఇప్పటికీ తెగుతుంది. మానేసినవారంటే నాకు గౌరవం. కానీ మానమని చెప్పడానికి నేను ఈ మైకు ముందుకు రాలేదు. తినేవాళ్లం మనం. ఆ జీవం మన పళ్లెంలోకి ఎలా వచ్చిందో అడగాల్సిన బాధ్యత కూడా ముందుగా మనదే.

కబేళాలో పని తెల్లవారుజామున మూడింటికి మొదలయ్యేది. అక్కడ పనిచేసేవాళ్లలో అందరికంటే పెద్దాయన్ని చాచా అని పిలిచేవాళ్లం. ఆయన కత్తులు రెండు. రెండూ రాత్రే ఇంట్లో సానపెట్టుకుని, గుడ్డలో చుట్టి తెచ్చుకునేవారు. సానరాయి లోపలికి తెచ్చేవారు కాదు. మొదట్లో ఒకరోజు అడిగాను, ఎందుకు చాచా, రాయి ఇక్కడే పెట్టుకోవచ్చుగా అని. “దాని కళ్లముందు కత్తి నూరకూడదు డాక్టర్ సాబ్. ఒకదాని ముందు ఇంకోదాన్ని కొయ్యకూడదు. కత్తి మొండిదైతే ఆ పాపం నా మెడకే” అన్నారు. ఆయన పెద్దల దగ్గర నేర్చుకున్న పద్ధతి అది. ఇస్లాంలో ప్రవక్త బోధగా తరతరాలుగా వస్తున్న నియమం కూడా అదే.

విచిత్రం ఏమిటంటే, మన దేశం 2001లో తెచ్చిన వధశాలల నియమాల్లోనూ ఇదే ఉంది. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద చేసిన నియమాలవి. ఒక జంతువు చూస్తుండగా మరో జంతువును చంపకూడదు. చూలుతో ఉన్నదాన్ని, మూడు నెలలు నిండని పిల్లను, మూడు నెలలలోపు పిల్ల ఉన్న తల్లిని చంపకూడదు. వచ్చిన జీవాన్ని డాక్టరు పరీక్షించాక, 24 గంటలపాటు నీడన నిలిపి విశ్రాంతి ఇవ్వాలి. ఒక డాక్టరు గంటకు 12 జీవాలకు మించి, రోజుకు 96కు మించి పరీక్ష చెయ్యకూడదు.

గంటకు 12. అంటే ఒక్కోదానికి ఐదు నిమిషాలు. జ్వరం చూడాలి, కళ్లు చూడాలి, కుంటుతుందేమో నడిపించి చూడాలి. ఆదివారాలు, పండగ రోజులు మా కబేళాకు మూడు నాలుగు వందల జీవాలు వచ్చేవి. డాక్టరును నేనొక్కణ్ణి. రెండున్నర గంటల్లో అన్నీ తేలిపోవాలి, ఎందుకంటే ఆరింటికల్లా అంగళ్లకు మాంసం చేరాలి. నేను టార్చిలైటు పట్టుకుని దొడ్డి మధ్యలో అటూ ఇటూ నడిచేవాణ్ణి. పడుకుని లేవనివాటిని పక్కకు తీయించేవాణ్ణి. తర్వాత మాంసం మీద ముద్ర. 24 గంటల విశ్రాంతి అనేది కాగితం మీద ఉండేది. ఆ కాగితం మీద సంతకం నాది. ఈ మాట ఇన్నేళ్లూ బయట ఎక్కడా చెప్పలేదు. చెప్పకుండా ఈ ప్రసంగం చెయ్యడం న్యాయం కాదనిపించింది.

కర్నూలు జిల్లా ఎర్రగుడిలో అశోకుడి శాసనాలున్న బండలు చూడటానికి ఒకసారి వెళ్లాను. వాటిలో మొదటి శిలాశాసనం వంటశాల గురించి. వెనకటికి రాజుగారి వంటకోసం రోజూ లక్షలకు లక్షలు ప్రాణులు చచ్చేవి, ఇప్పుడు మూడే, రెండు నెమళ్లు, ఒక జింక, ఆ జింక కూడా ప్రతిరోజూ కాదు అని రాయించాడు. రాజు తన వంటింటి లెక్క రాతిమీద చెక్కించి ఊళ్ల ముందు పెట్టాడు! ఉత్తరాదిన ఉన్న స్తంభశాసనాల్లో ఇంకా ముందుకెళ్లాడు. చూలుతో ఉన్న, పాలిస్తున్న మేకనీ గొర్రెనీ పందినీ చంపరాదు, ఆరు నెలలలోపు పిల్లలను చంపరాదు అన్నాడు. మన 2001 నియమం మూడు నెలలే అంటోంది. రెండువేల రెండొందల ఏళ్లకు పైగా దాటి వచ్చాం మరి.

ఇక కత్తి సంగతి. దీని మీద జరిగినంత వాదన ఇంక దేని మీదా జరగదు. హలాలా, ఝట్కానా, కరెంటు పెట్టి స్పృహ తప్పించాలా అని. నాకు తెలిసిన శరీరధర్మం చెబుతాను. గొర్రె మెడలో రెండు వైపులా రెండు పెద్ద ధమనులుంటాయి. పదునైన కత్తితో ఒక్క వేటున రెండూ తెగితే మెదడుకు రక్తం ఆగిపోతుంది. సాధారణంగా ఇరవై సెకన్లలోపే స్పృహ పోతుంది. పెద్ద పశువుల్లో అలా కాదు. వాటికి వెన్నుపూసల వెంట పోయే వేరే నాళాలు కూడా మెదడుకు రక్తం అందిస్తాయి. అందుకని గొంతు తెగాక కూడా స్పృహ చాలాసేపు నిలవొచ్చు. కత్తి మొండిదై, రంపంలా ముందుకూ వెనక్కూ లాగాల్సి వస్తే ఏ జీవానికైనా నరకమే. చాచా భయపడింది దానికే.

స్పృహ తప్పించే పద్ధతిలో గొర్రె తలకు రెండు పక్కలా పట్టకారు లాంటిది పెట్టి కనీసం ఒక ఆంపియరు కరెంటు పంపుతారు. సెకనులోపే స్పృహ పోతుంది. అది కొద్దిసేపే ఉంటుంది కాబట్టి వెంటనే మెడ కొయ్యాలి. కొయ్యకుండా వదిలేస్తే జీవం మళ్లీ లేచి నిలబడుతుంది. ప్రాణం తీసింది కరెంటు కాదు, కత్తే అని ఇది రుజువు చేస్తుంది కాబట్టి చాలామంది ముస్లిం పండితులు ఈ పద్ధతిని ఒప్పుకున్నారు. ఒప్పుకోనివారూ ఉన్నారు. న్యూజిలాండ్‌లో వ్యాపారానికి కోసే జీవాలకు ముందు స్పృహ తప్పించాలని చట్టం ఉంది. అయినా అక్కడి నుంచి హలాల్ మాంసం దేశదేశాలకు ఎగుమతి అవుతోంది. మన నియమాలు కూడా వీలైనంత త్వరగా ప్రతి వధశాలలోనూ స్పృహ తప్పించడానికి వేరే చోటు కట్టాలని చెప్పాయి. నా సర్వీసులో నేను పనిచేసిన చోట ఆ గది కట్టగా చూడలేదు.

స్పృహ తప్పించడం మేలని నా నమ్మకం. కానీ వాదనంతా ఆ ఇరవై సెకన్ల చుట్టూనే తిరుగుతుంది, దానికి ముందు గడిచిన ఒకటి రెండు రోజుల మాట ఎవరూ ఎత్తరు. అదే నా బాధ.

2019 పశుగణన ప్రకారం దేశంలో గొర్రెలు ఎక్కువగా ఉన్న రాష్ట్రం తెలంగాణ, ఒక కోటీ 90 లక్షల పైన. రెండో స్థానం ఆంధ్రప్రదేశ్‌ది. ఇన్ని జీవాలు సంతలు మారుతూ, చేతులు మారుతూ లారీల మీద తిరుగుతుంటాయి. నాలుగున్నర, ఐదు టన్నుల లారీలో 40 గొర్రెలకు మించి ఎక్కించకూడదన్నది నియమం. నేను చూసిన లారీలు రెండంతస్తులవి. మధ్యలో చెక్కలు వేసి, పైన ఒక వరస, కింద ఒక వరస. లెక్క నూరు దాటేది. పైవాటి మూత్రం కిందివాటి మీద. నీళ్లుండవు. మలుపులో ఒకటి పడితే మిగిలినవి దాని మీద నిలబడతాయి. దించేటప్పుడు తొందర. కాలు పట్టి లాగేవాళ్లు, చెవి పట్టి లాగేవాళ్లు, బొచ్చు గుప్పిట పట్టి ఎత్తేవాళ్లు.

ఆ లాగుడు జరిగిన సంగతి అప్పటికప్పుడు కనపడదు. చర్మం ఒలిచాక కనపడుతుంది. ఎర్రటి మాంసం మీద నల్లగా కమిలిన మచ్చలు. కొన్నిసార్లు వేళ్లు పడ్డ చోట్లు వరసగా లెక్కపెట్టొచ్చు. ఒక పొట్టేలు తొడ మీద అలాంటి గుర్తులు చూసినరోజు నేను చాచాను పిలిచి చూపించాను. ఆయన ఏమీ అనలేదు. మర్నాటి నుంచి లారీ వచ్చే వేళకి తనే గేటు దగ్గర నిలబడేవారు.

భయం మాంసంలోకి దిగుతుందంటే కొందరు నమ్మరు. ఇది కవిత్వం కాదు, రసాయనశాస్త్రం. ప్రాణంతో ఉన్న కండలో గ్లైకోజన్ అనే నిల్వ ఉంటుంది. చనిపోయాక అది లాక్టిక్ ఆమ్లంగా మారి, 7 దగ్గర ఉన్న పీహెచ్‌ను 5.5 దాకా దించుతుంది. అప్పుడే మాంసానికి రంగు, మెత్తదనం, నిలవుండే గుణం వస్తాయి. ఒకటి రెండు రోజులు ఆకలితో, బెదురుతో, నిలబడి నిలబడి వచ్చిన జీవంలో ఆ నిల్వ ముందే కరిగిపోతుంది. పీహెచ్ దిగదు. మాంసం నల్లగా, బిరుసుగా, పొడిగా అయి త్వరగా చెడిపోతుంది. వండినావిడ మాంసం ముదురంటుంది, అంగడాయన జీవం మంచిదేనంటాడు. ఇద్దరిదీ నిజమే. మధ్యలో లారీ ఉంది.

అమెరికాలో టెంపుల్ గ్రాండిన్ అని ఒక శాస్త్రవేత్త ఉన్నారు. 1947లో పుట్టారు. ఆటిజంతో పెరిగిన మనిషి. ఆవిడ పశువులు నడిచే దారిలోకి తనే దిగి, వాటి కంటి ఎత్తులో వంగి చూశారు. గోడకు వేలాడుతున్న గొలుసు, నేలమీద మెరుస్తున్న నీటి చెమ్మ, గట్టిగా పడిన నీడ, ఇవి చూసే పశువు ఆగిపోతోందని కనిపెట్టారు. అది మొండికేయడం లేదు, భయపడుతోంది. ఆ గొలుసు తీసేస్తే కర్రతో పనే ఉండదు. దారి వంపుగా కడితే ఒకదాని వెంట ఒకటి నడుస్తాయి. తర్వాత ఆవిడ ఒక లెక్క పెట్టారు. నూరు పశువుల్లో మొదటి దెబ్బకే స్పృహ తప్పినవి 95కు తగ్గకూడదు, అరిచినవి మూడుకు మించకూడదు, జారిపడినవి ఒకటికి మించకూడదు. దయ ఉందా లేదా అని ఎవరినీ అడగనక్కర్లేదు. అరుపులు లెక్కపెడితే చాలు. మా కబేళాలో ఆ లెక్క పెట్టి ఉంటే మొదటి అరగంటలోనే పుస్తకం నిండేది.

ఇంతవరకూ గొర్రెల మాట. కానీ మనం ఎక్కువగా చంపేది గొర్రెల్ని కాదు, కోళ్లని. వాటి విషయంలో చట్టం గుర్తుకు రావడమే అరుదు. 2023లో గుజరాత్ హైకోర్టులో కోడిమాంసం దుకాణాల కేసు వచ్చినప్పుడు, అసలు కోడి జంతువు కిందికి వస్తుందా అన్న ప్రశ్న లేచింది. 1960 చట్టం ఎప్పుడో చెప్పింది, మనిషి తప్ప ప్రాణమున్న ప్రతిదీ జంతువే అని. అయినా ఆ ప్రశ్న వచ్చిందంటే కోడిని మనం ఏ లెక్కలో పెట్టామో అర్థమవుతుంది.

బ్రాయిలర్ కోడి సుమారు నలభై రోజుల్లో రెండు కిలోలు తూగుతుంది. గుండె, కాళ్లు ఆ బరువును అందుకోలేవు. చివరి రోజుల్లో షెడ్డులోకి వెళ్లి చూస్తే చాలా కోళ్లు మేత దగ్గరే కూలబడి ఉంటాయి. రాత్రివేళ వాటిని పట్టడం మొదలవుతుంది. ఒక్కో చేతిలో నాలుగేసి కోళ్లను ఒక్కో కాలు పట్టి తలకిందులుగా వేలాడదీసుకుని క్రేటులోకి విసురుతారు. తుంటి కీలు జారడం, రెక్క విరగడం అక్కడే జరుగుతుంది. కోడికి చెమట పట్టదు. నోరు తెరిచి ఆయాసపడటమే దానికున్న దారి. మే నెలలో మన ఎండకి సిగ్నలు దగ్గర ఆగిన కోళ్ల బండిని చూడండి, అన్నిటి నోళ్లూ తెరిచే ఉంటాయి.

ఆదివారం పొద్దున అంగడి ముందు మనం వరసలో నిలబడతాం. బోను పైనే కోసే చెక్క. కాళ్లు కట్టి కాంటా మీద పడేస్తారు. మెడ కోసి డ్రమ్ములో వేస్తారు. లోపల రెక్కలు కొట్టుకునే చప్పుడు వినపడుతుంటుంది. ఆ చప్పుడు ఆగకముందే వేడినీళ్లలో ముంచడం నేను చూశాను. బోనులోవి అంతా చూస్తూనే ఉంటాయి. పక్కన మనమూ ఫోను చూసుకుంటూ నిలబడి ఉంటాం.

మా వీధి చివర అంగడి కుర్రాడు నన్ను బాబాయ్ అంటాడు. అతనికి ఒకరోజు చెప్పాను. రేకుతో గరాటులా చేయించు, గోడకు బిగించు, కోడిని తలకిందులుగా అందులో దించు, తల మాత్రమే కింద బయటికి వస్తుంది, రెక్కలు కొట్టుకోలేదు, బెదురు తగ్గుతుంది, రెండు వైపులా ఒక్క కోత కొయ్యి, రక్తం పూర్తిగా కారేదాకా ఆగు అని. బోనుకూ చెక్కకూ మధ్య గోనెపట్టా ఒకటి కట్టమన్నాను. నెలరోజులు నవ్వి ఊరుకున్నాడు. తర్వాత రేకు పనివాడితో నాలుగు గరాటులు చేయించాడు. “రెక్కలు కమలడం తగ్గింది బాబాయ్, స్కిన్ అడిగేవాళ్లు సంతోషంగా తీసుకెళ్తున్నారు” అన్నాడు. పట్టా కూడా కట్టాడు. వింటున్న మీరు ఈ ఆదివారం మీ అంగట్లో ఈ రెండూ అడగండి. కొనేవాడు అడిగితే చేస్తారు. నేను చూశాను కాబట్టి చెబుతున్నాను.

గుడ్ల కోళ్ల కథ ఇంకోటి. దేశంలో గుడ్ల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్‌దే మొదటి స్థానం. పెరట్లో కోడిని పెంచినవారికి తెలుసు, గుడ్డు పెట్టే ముందు అది పడే హడావుడి. మూల మూలా తిరుగుతుంది, గడ్డి వేసిన తట్ట ఎక్కుతుంది, దిగుతుంది, గొణుగుతుంది. మధ్యాహ్నం మట్టిలో పొర్లుతుంది, రెక్క చాచి ఎండ కాగుతుంది. తీగ బోనులో కోడికి దక్కే చోటు మనం రాసుకునే ఏ4 కాగితమంత కూడా ఉండదు. ఏడాదికి పైగా అందులోనే. తట్ట లేదు, మట్టి లేదు, రెక్క చాచే వీల్లేదు. కానీ ఆ హడావుడి మాత్రం దాని లోపల ఉంటుంది. ప్రతిరోజూ గుడ్డు పెట్టే ముందు లేని తట్ట కోసం తీగల మీద అటూ ఇటూ కదులుతుంది. నాకు ఇది కోత కన్నా ఎక్కువ కష్టంగా తోస్తుంది.

1964లో ఇంగ్లండులో రూత్ హారిసన్ అనే ఆవిడ ఇలాంటి పెంపకం మీద పుస్తకం రాస్తే దేశం కదిలింది. ప్రభుత్వం వేసిన బ్రాంబెల్ కమిటీ మరుసటి ఏడాది చెప్పింది చాలా చిన్న కోరిక. పెంచే జీవానికి కనీసం లేవడానికి, పడుకోవడానికి, వెనక్కి తిరగడానికి, ఒళ్లు సవరించుకోవడానికి, కాళ్లూ రెక్కలూ చాచుకోవడానికి చోటుండాలి అని. యూరోపియన్ యూనియన్‌లో 2012 నుంచి ఉత్త తీగ బోనులు నిషేధం. మన లా కమిషన్ కూడా 2017లో గుడ్ల కోళ్ల, బ్రాయిలర్ల పెంపకం, రవాణా మీద తన 269వ నివేదిక ఇచ్చింది.

ఇందులో రైతును ఒక్కణ్ణే నిలదీయడం నాకు ఇష్టం లేదు. బ్యాంకు అప్పు అతనిది, మొక్కజొన్న ధర అతని చేతిలో లేదు, గుడ్డు రేటూ అతని చేతిలో లేదు. బోను తీసేసి కోడికి చోటిస్తే గుడ్డు మీద కొంత ధర పెరుగుతుంది. ఆ తేడా కొనే మనం మొయ్యాలి. పూట గడవనివాళ్లను మొయ్యమనడం లేదు. మొయ్యగలవాళ్లం మనలో చాలామందిమి ఉన్నాం.

చివరగా ఒక రాత్రి సంగతి చెబుతాను. ఒక ఆగస్టులో మా పట్టణంలో గట్టి వాన పట్టింది. కబేళాకు కరెంటు పోయింది, నీళ్ల మోటారు పనిచెయ్యలేదు. లారీ అప్పటికే వచ్చేసింది. కోత మర్నాటికి వాయిదా వేశాం. జీవాలను షెడ్డులోకి తోలి, తొట్లలో నీళ్లు పోయించి, చాచా ఎక్కడి నుంచో రెండు మోపుల వేరుశనగ కట్టె తెప్పించి వేశారు. ఆ పగలంతా అవి అక్కడే ఉన్నాయి. నా ఏడేళ్లలో ఆ 24 గంటల నియమం అమలైంది ఆ ఒక్కసారే, అదీ వాన పుణ్యాన.

ఆ పగలు గడిచాక, రాత్రి రెండింటికి లాంతరు పట్టుకుని లోపలికి వెళ్లాను. జీవాలన్నీ పడుకుని ఉన్నాయి. నెమరు వేస్తున్నాయి. బెదిరిన గొర్రె నెమరు వెయ్యదు. చదువుకునేటప్పుడు రాసుకున్న మాటే అయినా, కబేళాలో అది కంటితో చూడటం నాకు అదే మొదలు. తెల్లవారుజామున ఒక్కొక్కటీ లేచి, ముందుదాని వెనక నడిచింది. ఎవరూ కాలు పట్టి లాగలేదు. నేను లెక్కపెట్టాలనుకున్న అరుపులు లేవు. చాచా పని చేసుకుపోతున్నారు, నీళ్లు పారుతున్న చప్పుడు ఒక్కటే వినపడుతోంది. ఒలిచాక మాంసం మీద ముద్ర వేస్తూ తొడలన్నీ వెతికి చూశాను. వేళ్ల గుర్తులు ఎక్కడా లేవు.